‘ఇక వద్దు’ అన్నది ఎవరు?

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అని దశాబ్దాలపాటు గోడల మీద రాయించిన ప్రభుత్వ వ్యవస్థే ఇప్పుడు పిల్లల్ని కనమంటోంది. అలా అడిగే ముందు, ఇక్కడి దంపతులు ఎందరిని కోరుకుంటున్నారో నిజాయితీగా తెలుసుకోవాలి.

అందుకు మనకున్న ప్రధాన ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019–21 నాటి అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, దేశ సగటు 2.0. అదే సర్వేలో, 15–49 ఏళ్ల వివాహితల్లో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తమ్మీద అది 37.9 శాతం. మన దగ్గర మగవాళ్లకు చేసే ఆపరేషన్ (వేసెక్టమీ) మీద ఆధారపడ్డ దంపతులు 0.4 శాతమే కావడం మరో అన్యాయం.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆపరేషన్ అయిన స్త్రీని ‘ఇంకా పిల్లలు కావాలా’ అని సర్వే అడగదు. ‘ఇక వద్దు’ అన్నవారి లెక్కలో ఆమెను చేర్చేస్తుంది. ఇరవై మూడేళ్లకే ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి ముప్ఫై అయిదో ఏట ఏమనిపిస్తోందో ఆ పట్టికలో కనిపించదు. పశ్చాత్తాపం గురించి ఒక ప్రశ్న ఉంది గానీ, అత్తగారు పక్క గదిలో ఉండగా ఎంతమంది మనసు విప్పగలరు? మళ్లీ మొదటికి వెళ్లగలిగితే ఎందరు కావాలనుకునేవారన్న ప్రశ్నకూ, ఒడిలో ఉన్న బిడ్డను వద్దనలేక, ఉన్న సంఖ్యనే చెప్పేవారు ఎక్కువ.

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ పరిస్థితి ఆలోచించండి. రెండో కాన్పూ సిజేరియనే అయితే, ‘ఎలాగూ కోత తప్పదు, ఆపరేషన్ కూడా అప్పుడే చేయించేస్తే ఒక పని అయిపోతుంది’ అంటారు ఇంట్లోవాళ్లు. కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే అయిన రాష్ట్రంలో ఈ మాట అరుదేమీ కాదు. ఆపరేషన్ బదులు గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ కోసం వెళ్తే ఆ పూట కూలి పోతుంది. ఆమె తీసుకున్న నిర్ణయంలో పిల్లల సంఖ్య ఎంత, కూలి ఎంత, ఇంటి పెద్దల మాట ఎంత? సర్వే పట్టిక వీటన్నిటినీ ఒకే గడిలో వేస్తుంది.

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2025 నివేదిక కోసం మన దేశంతో కలిపి 14 దేశాల్లో జరిపిన సర్వేలో, కోరుకున్నంత మందిని కనలేకపోవడానికి ఎక్కువమంది చెప్పిన కారణం డబ్బు. అది ఇంటర్నెట్ ద్వారా జరిగిన సర్వే కాబట్టి తొడిమలు తీసే స్త్రీ గొంతు అందులో ఉండే అవకాశం తక్కువ. అయినా విజయవాడలో ఇంటి అద్దె, కార్పొరేట్ స్కూలు ఫీజు కలిపి చూసుకునే ఏ మధ్యతరగతి జంటకైనా ఆ కారణం కొత్త కాదు.

ఒక్కసారి తలుపు తట్టి వెళ్లిపోయే సర్వేతో కోరిక ముందో ఆపరేషన్ ముందో తేలదు. గుంటూరు జీజీహెచ్‌కో, విజయవాడ ప్రభుత్వాసుపత్రికో తొలి కాన్పుకు వచ్చిన స్త్రీని, ఆమె భర్తను విడివిడిగా అడిగి, అయిదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత మళ్లీ ఆ ఇద్దరినే అడగాలి. ఆపరేషన్ అయినా సరే, ఆమెను ఆ ప్రశ్న నుంచి తప్పించకూడదు.