నైరోబిలో మా వాళ్ళకి పెళ్ళైపోయింది

ఒకప్పుడు వేసవి సెలవలంటే చర్చి పిల్లలు వీబీఎస్‌కి, అంటే వెకేషన్ బైబిల్ స్కూల్‌కి వెళ్ళి, యాక్షన్ సాంగ్స్ పాడి, చివరి రోజు సర్టిఫికెట్టూ బిస్కెట్ ప్యాకెట్టూ పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు. ఇప్పుడు అదే పిల్లలు డిగ్రీ అవగానే విమానం ఎక్కి ఇంకో దేశం వెళ్ళి, అక్కడి పిల్లలకి వీబీఎస్ నడిపి వస్తున్నారు. షార్ట్ టర్మ్ మిషన్ ఇంటర్న్‌షిప్ అంటారు దీన్ని. రెండు నెలలు. జీతం ఉండదు, ఖర్చు మనమే పోగుచేసుకోవాలి, పైగా దానికి ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఈ పద్ధతి ఐటీ కంపెనీల చెవిన ఇంకా ఎందుకు పడలేదో నాకు అర్థం కాదు.

ఈ ఏడాది మా అక్క కూతురు కెన్యాకి సెలెక్ట్ అయింది. మాది చెన్నైలో పెరంబూరు, ఐసీఎఫ్ వైపు. మా తాత ఒంగోలు నుంచి ఆ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా అక్కావాళ్ళు పై వాటా, మేం కింద వాటా, కాబట్టి ఆ ఇంట్లో ఏం జరిగినా ముందు మా సీలింగుకి తెలుస్తుంది.

అందరికంటే ఎక్కువ సంతోషపడింది మా అమ్మ. 1878 జూలైలో అమెరికా మిషనరీ క్లౌ దొర కాలంలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్ళలో మా ముత్తాత ఒకడని మా అమ్మ నమ్మకం. ఒంగోలు వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరిని కదిపినా వాళ్ళ ముత్తాత కూడా ఆ రోజు అందులోనే ఉన్నాడంటారు, అందరినీ కలిపి లెక్కేస్తే ఏట్లో నీళ్ళకి చోటుండదు. సరే, మా అమ్మ మాత్రం, "వాళ్ళు సముద్రాలు దాటొచ్చి మనకి చెప్పారు, ఇప్పుడు నా మనవరాలు వెళ్ళి చెబుతుంది" అని వీధంతా చెప్పుకొచ్చింది. నేను ఊరుకోలేక, "అమ్మా, 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో నూటికి 85 మంది క్రైస్తవులే, వాళ్ళే వచ్చి మనకి చెప్పాలి" అన్నాను. దానికి మా మేనకోడలు, "మావయ్యా, మేం చెప్పడానికి కాదు, నేర్చుకోడానికీ సేవ చెయ్యడానికీ వెళ్తున్నాం" అంది. ఆ వాక్యం ఓరియంటేషన్‌లో బట్టీ పట్టించారని వెంటనే తెలిసిపోయింది.

తనతోపాటు వెళ్ళే రెండో ఇంటర్న్ మా చర్చిలో గిటార్ వాయించే కుర్రాడు. మంచివాడు, పెద్దలకి లేచి వందనాలు చెబుతాడు, పాట మధ్యలో తీగ తెగినా మొహం మార్చడు. మా అక్కకి ఆ అబ్బాయి మీదున్న అభ్యంతరమల్లా జుట్టే. భుజాల దాకా ఉంటుంది, ఆరాధనలో కళ్ళు మూసుకుని తల ఊపితే ముందు వరసలో వాళ్ళకి గాలి తగులుతుంది.

ఆ తర్వాత డబ్బు పోగుచెయ్యడం. బంధువులందరికీ సపోర్ట్ లెటర్లు, ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యానీ అమ్మకం. బిర్యానీ కొన్నవాళ్ళే సపోర్ట్ కూడా ఇచ్చారు, ఆ బిర్యానీకి చికెన్ కొనిచ్చింది కూడా వాళ్ళే, ఈ లెక్కలో లాభం ఎక్కణ్ణించి వచ్చిందో దేవుడికే తెలియాలి గానీ వచ్చింది. కెన్యా వెళ్ళేవాళ్ళు కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ సూది వేయించుకోవాలి, ఆ కార్డు లేకుండా అక్కణ్ణించి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకుని పసుపు రంగు కార్డు తెచ్చుకున్నారు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుందని మా బావ వివరిస్తే మా అక్క కంగారుపడింది. "జీవితాంతమా? అంటే మళ్ళీ మళ్ళీ వెళ్తుందా?"

ఓరియంటేషన్లో చాలా చెప్పారట. పిల్లల ఫొటోలు అడక్కుండా తియ్యకూడదు, ఎవరికీ చేతికి డబ్బివ్వకూడదు, పెట్టింది తినాలి. వీటన్నిటికంటే మా అక్కకి నచ్చిన నియమం ఇంకోటుంది. ఇంటర్న్‌షిప్ జరిగినన్నాళ్ళూ ప్రేమ వ్యవహారాలేవీ పెట్టుకోమని ఇద్దరూ విడివిడిగా సంతకాలు చెయ్యాలి. ఆ పేజీని మా అక్క ఫొటో తీసి ఫోన్లో దాచుకుంది, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో పక్కనే.

ఇక సర్దుడు. 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్ళొచ్చు అనగానే మా అక్క దాన్ని పరిమితిగా కాక లక్ష్యంగా తీసుకుంది. కందిపొడి, కరివేపాకు కారం, ఇడ్లీ కారం, వడియాలు, అన్నీ ముందు డబ్బాలో, డబ్బా ఒక కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో, పైన రబ్బరు బ్యాండు, దానిపైన మళ్ళీ ఒక కవరు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధం కదా అనకండి. మా అక్క మంచం కింద ఉన్న నిల్వ ఆ తేదీకి ముందుది, చట్టం వెనక్కి వర్తించదని ఆవిడ అభిప్రాయం. టీ నగర్ రంగనాథన్ వీధిలో ఎప్పుడో కొన్న చీరలు చిరిగిపోయాయి, వాటి కవర్లు మాత్రం కొత్తగా ఉన్నాయి. స్వెట్టర్ ఒక్కటీ పెట్టలేదు. ఆఫ్రికా కదా, వేడి కదా అంది.

విమానం తెల్లవారుజామున. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి మా బావ తీరిగ్గా కూర్చుని గ్రూపులో వచ్చిన పీడీఎఫ్ చదవడం మొదలుపెట్టాడు. రైల్వేలో పనిచేసిన మనిషి, రూల్సంటే ఆయనకి కాలక్షేపం. నాలుగో పేజీలో ఆగి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, పట్టుబడితే 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, నాలుగేళ్ళ దాకా జైలు. "మన రూపాయల్లో పాతిక లక్షల పైమాటే" అని ఆయన లెక్కకట్టేలోపే మా అక్క పెట్టెలు రెండూ నేలమీద కుమ్మరించింది. రెండు నెలల సేవకని వెళ్ళిన పిల్ల కందిపొడి కవరు కోసం నాలుగేళ్ళు లోపల ఉంటుందేమోనని ఆవిడ టెన్షన్.

ఆ టైములో గుడ్డ సంచులెక్కడ దొరుకుతాయి? దొరికాయి, ఇంట్లోనే. 2021 డిసెంబరులో ఇక్కడి ప్రభుత్వం 'మీండుం మంజప్పై' అని ప్రచారం మొదలుపెట్టాక పసుపు సంచికి మళ్ళీ మర్యాద వచ్చింది, పెళ్ళిళ్ళలో తాంబూలం అందులోనే పెట్టి ఇస్తున్నారు. పిల్లలు బయల్దేరే నెలలోనే మా బావ పాత ఆఫీసు స్నేహితుడి కూతురి పెళ్ళయింది. గుమ్మం దగ్గర సంచులు పంచే బాధ్యత మా బావది, మిగిలిన కట్ట ఆయనతోపాటు ఇంటికొచ్చేసింది. సంచి మీద ఒక పెద్ద గుండె బొమ్మ, అందులో రెండు ఇంగ్లీషు అక్షరాలు, కింద పెళ్ళి తేదీ, దానికింద టుగెదర్ ఫరెవర్ అని వంకర్లు తిరిగిన రాత. ఎవరూ దాన్నేం పట్టించుకోలేదు. సంచి గట్టిగా ఉందా, కుట్టు ఊడదా, అంతే. గిటార్ అబ్బాయికి ఫోన్ చేస్తే వాళ్ళింట్లో గుడ్డ సంచులు లేవన్నాడు, పాపం కదా అని మా అక్క ఆ కట్టలో సగం ఆటోలో పంపించింది.

ఎయిర్‌పోర్టుకి రెండు వ్యాన్ల నిండా వెళ్ళాం. పాస్టరు గారు డిపార్చర్ గేటు ముందే ప్రార్థన మొదలుపెట్టారు. పైలటు కళ్ళ కోసం, రెక్కల కోసం, చక్రాల కోసం, దుబాయ్‌లో మారే విమానం పైలటు కళ్ళ కోసం. గేటు దగ్గర తుపాకీతో ఉన్న జవాను కాసేపు ఓపిక పట్టి, తర్వాత దగ్గరికొచ్చి దారి వదలమన్నాడు, పాస్టరు గారు కళ్ళు తెరవకుండానే ఆయన కోసం కూడా ప్రార్థించారు. పిల్లలిద్దరూ చెరో ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళారు. భుజాలకి, చేతులకి, ట్రాలీ కొనలకి అన్నీ పసుపు సంచులే.

ఆ రాత్రి పన్నెండున్నరకి పైన మంచం కిర్రుమంది, తర్వాత పరుగు, తర్వాత మా తలుపు. కెన్యా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ పది. ఫోన్లో మా మేనకోడలు గుసగుసగా చెబుతోంది. ఎయిర్‌పోర్టుకి చర్చి ఆడవాళ్ళు పాటలు పాడుతూ వచ్చారట, సంచుల వంక చూసి, ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని, నాలుకలాడిస్తూ ఒక్కసారి ఉత్సాహంగా కేకలు పెట్టారట. వచ్చినవాళ్ళందరికీ ఇలాగే స్వాగతం చెబుతారు కాబోలని వీళ్ళు కూడా చప్పట్లు కొట్టారట. ఇంటికెళ్తే కేకు. మధ్యలో గుండె బొమ్మ. కోయమన్నారు, పెట్టింది తినాలన్న నియమం గుర్తుంది కాబట్టి ఇద్దరూ కలిసి కోశారు. తిన్నాక ఒక గది చూపించి, తలుపు దగ్గరికి వేసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

సంచి మీద ఒక అక్షరం మా అమ్మాయి పేరుతో కలిసింది. రెండోది అబ్బాయి పేరుతో కలవలేదు గానీ, మన తమిళనాడు పాస్‌పోర్టుల్లో నాన్న పేరెక్కడో, మన పేరెక్కడో మనకే తెలియదు కదా, వాళ్ళు దాన్ని అబ్బాయి ఇంటిపేరు అనుకున్నారు. తేదీ చూస్తే అదే నెల. అబ్బాయి గిటార్ పట్టుకుని హాల్లో సోఫా మీద పడుకుంటానంటే, ఎంత సిగ్గో అని ఇంకా ముచ్చటపడ్డారట.

మా అక్క పాస్టరు గారికి ఫోన్ చేసింది. నిద్రలోంచి లేచిన మనిషి సంగతంతా వినకుండానే ఓదార్చడం మొదలుపెట్టారు. "అమ్మా, కంగారుపడకండి, 1812లో మిషనరీ జడ్సన్ గారు కూడా పెళ్ళయిన రెండు వారాలకే ఓడెక్కారు, మన మద్రాసు వచ్చి ఇక్కణ్ణించే రంగూన్ వెళ్ళారు." మా అక్క అక్కడే స్టూలు మీద కూలబడింది. నిజానికి ఆ కాలంలో పెళ్ళి చేసి మరీ పంపేవాళ్ళు, ఈ కాలంలో 'ప్రేమించం' అని సంతకం పెట్టించుకుని పంపుతున్నారు, కానీ రాత్రి ఒంటిగంటకి ఆడపిల్ల తల్లికి చెప్పాల్సిన చరిత్ర కాదది.

ఆఖరికి మా బావకే తోచింది. ఫోన్లో దాచిన ఆ సంతకాల పేజీ ఫొటోని కెన్యా పాస్టరు గారికి వాట్సాప్ చేశాడు. ఆయన చూసి, ఫోన్ చేసి, మాట రాకుండా చాలాసేపు నవ్వాడు. ఆయన భార్య వచ్చి మా అమ్మాయిని తన కూతురి గదిలోకి తీసుకెళ్ళింది. ఇంత తేలిగ్గా పోయింది కదా అని అందరం పడుకున్నాం.

పోలేదు. చర్చి ఆడవాళ్ళు అప్పటికే చందాలేసుకుని పెళ్ళి కానుక కొనేశారు, లెస్సో అని అక్కడి ఆడవాళ్ళు కట్టుకునే రంగుల గుడ్డ, అంచు దగ్గర స్వాహిలీలో ఏదో సామెత అచ్చేసి ఉంటుంది. పెళ్ళి కాలేదన్నా వెనక్కి తీసుకోం అన్నారు. ఇదీ మంచికే అయింది, నైరోబి మన ఏర్కాడు కొండ కంటే ఎత్తులో ఉంది, జూన్, జూలైల్లో చలి, స్వెట్టర్ లేని పిల్ల ఆ గుడ్డే కప్పుకుని తిరుగుతోంది. పొడులు మాత్రం దండగ. అక్కడ రోజూ చపాతీ, చాయ్ దొరుకుతున్నాయట, కందిపొడి పాస్టరమ్మ గారికి నచ్చి ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్దలో నంజుకుంటున్నారట.

అసలు దెబ్బ ఆదివారం తగిలింది. అక్కడి పాస్టరు గారు, మాట నలుగురి నోళ్ళలో పడకముందే తేల్చేద్దామని, ఆరాధనలో ఇద్దరినీ ముందుకి పిలిచి, "వీళ్ళు భార్యాభర్తలు కారు, వీళ్ళ మధ్య అలాంటిదేమీ లేదు" అని మైకులో ప్రకటించారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఎటొచ్చీ ఆ లైవ్‌ని, మా పిల్లలు పరాయి దేశంలో సాక్ష్యం చెబుతారని, మా పెరంబూరు చర్చిలో ప్రొజెక్టర్ మీద వేశారు. మా ఆరాధన అయిపోయి అందరూ టీ గ్లాసులతో నిలబడి చూస్తున్నారు. అప్పటిదాకా ఆ ఇద్దరి గురించి ఎవరికీ ఏ ఆలోచనా లేదు. ప్రకటన విన్నాక స్త్రీల సమాజంలో ఒకావిడ చాలా నెమ్మదిగా, "ఏమీ లేకపోతే అంత దూరంలో మైకు పెట్టి చెప్పడం ఎందుకండీ?" అంది. టీ అయిపోయేలోపు ఇది మూడు వరసలు దాటింది. గేటు దగ్గరికొచ్చేసరికి పెళ్ళి డిసెంబరులోనట.

మంగళవారం సాయంత్రం గిటార్ అబ్బాయి వాళ్ళమ్మ మా అక్కావాళ్ళింటికొచ్చింది. ఊరికే వచ్చానంది. ఊరికే వచ్చేవాళ్ళు పట్టుచీర కట్టుకుని కిలో జాంగ్రీ తేరు. పిల్లలకి చలిగా ఉందట, జాగ్రత్తగా ఉండాలి, మీ అమ్మాయి చాలా ఓర్పుగల పిల్ల అని, ఇల్లంతా ఒకసారి కలయజూసి, కాఫీ తాగి లేచింది. ఎన్నో ఏళ్ళుగా మా అక్కని సిస్టర్ అని పిలిచే మనిషి, మెట్లు దిగుతూ "వస్తాను వదినగారూ" అంది.

మా అక్క ఏమీ మాట్లాడలేదు. జాంగ్రీ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి, మా అమ్మతో ఏదో గొణిగి, బావ అడిగినదానికి జవాబు చెప్పకుండా రాత్రి వీడియో కాల్ కోసం కూర్చుంది. అటువైపు మా మేనకోడలు లెస్సో కప్పుకుని పిల్లల క్లాసు గురించి ఉత్సాహంగా చెబుతుంటే కాసేపు వింది, ఊ కొట్టింది, తర్వాత మధ్యలో ఆపి, "అదంతా సరేగానీ, అక్కడ కటింగ్ షాపులుండవా? ఆ అబ్బాయిని కాస్త జుట్టు కత్తిరించుకోమను" అంది.