దడ తగ్గింది కదా అని గోలీ ఆపితే

కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "ఏట్రియల్ ఫ్లటర్ అంటే గ్యాస్ వల్ల వచ్చే దడే. గట్టిగా దగ్గితే పోతుంది. దడ తగ్గాక రక్తం పలచబడే గోలీలు అక్కర్లేదు, రోజుకో ఆస్పిరిన్ చాలు. గోంగూర, పాలకూర ముట్టొద్దు." ఇందులో అన్నీ తప్పులే. అయితే గోలీల మాట మనిషిని మంచాన పడేసేంత తప్పు.

ముందు గ్యాస్ సంగతి. ఫ్లటర్‌లో సాధారణంగా గుండె కుడి పై గదిలో కరెంటు ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పై గదులు నిమిషానికి దాదాపు 300 సార్లు కొట్టుకుంటే, కిందికి సగమే దిగుతాయి. అందుకే నాడి 150 దగ్గర ఉంటుంది. మెట్లెక్కితే వచ్చిన దడ కూర్చోగానే మెల్లగా దిగుతుంది. ఫ్లటర్ దడ తరచుగా అతుక్కుపోయినట్టు ఉంటుంది: పది నిమిషాలు కూర్చున్నాక కూడా బీపీ మిషన్ 148, 150, 150 అనే చూపిస్తుంది. మందులు వాడేవాళ్లలో 75 కూడా రావచ్చు, కాబట్టి నాడి మామూలుగా ఉందంటే ఫ్లటర్ పోయినట్టు కాదు. దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించాలి. రంపపు పళ్లలాంటి గీతలు అప్పుడే దొరుకుతాయి.

దగ్గుతో ఆ కరెంటు చుట్టు తెగదు. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే దగ్గుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక గోలీలు. పై గదులు సరిగా ముడుచుకోకపోతే ఎడమ గదికి ఆనుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. అది మెదడుకు వెళ్తే పక్షవాతం. లయ కుదిరాక కూడా ఆ గది కొన్ని వారాలు మొద్దుబారే ఉంటుంది. అందుకే లయ సరిచేయడానికి ఛాతీకి కరెంటు షాక్ ఇచ్చే ముందు కనీసం 3 వారాలు గోలీ వాడిస్తారు, లేదా గొంతులోంచి ఎకో (గుండె స్కాన్) తీసి గడ్డ లేదని చూస్తారు. షాక్ తర్వాత 4 వారాలు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆపైన ఎన్నాళ్లన్నది వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం, గుండె వైఫల్యం చూసి తేలుస్తారు, దడ ఉందా లేదా అని కాదు. అబ్లేషన్ (సన్నని తీగ పంపి ఆ కరెంటు దారిని తెంపడం) చేయించుకున్నా సొంతంగా ఆపొద్దు, తర్వాత ఫిబ్రిలేషన్ (పై గదులు లయ లేకుండా అదరడం) వచ్చేవాళ్లు ఉన్నారు.

ఈ గోలీల్లో కొత్తవి అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్. అపిక్సబాన్ ప్రభావం సుమారు 12 గంటల్లో సగానికి పడిపోతుంది, అందుకే రెండు పూటలు. మరచిన మాత్ర గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి పూట రెండు కలిపి కాదు. రివరోక్సబాన్ 15, 20 మి.గ్రా. మాత్రలు కడుపునిండా తిన్నప్పుడే సరిగా ఒంటబడతాయి. ఒక్కపొద్దు ఉన్నా, రోజా ఉన్నా ఆ రోజు అసలు భోజనంతోనే వేసుకోవాలి. డాబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పకూడదు, మాత్రల డబ్బాలోకి మార్చకూడదు. తేమకు పాడవుతుంది.

ఆస్పిరిన్ పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద. నిలిచిన రక్తంలో కట్టే గడ్డను అది తగినంతగా ఆపదు, కడుపులో రక్తస్రావం మాత్రం తెచ్చిపెట్టగలదు. స్టెంట్ ఉన్నవాళ్ల లెక్క వేరు, అది డాక్టర్ చెప్పాలి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకునే అలవాటు కూడా ఈ గోలీలు వాడేవాళ్లకు ప్రమాదమే. మలం నల్లగా తారులా వస్తే ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం చేయొద్దు.

ఆకుకూరల మాట వార్ఫరిన్, ఎసిట్రోమ్ అనే పాత గోలీలు వాడేవాళ్లకే. వాళ్లూ మానక్కర్లేదు, వారానికి రెండుసార్లు గోంగూర తింటుంటే అలాగే తినాలి. ఒక్కసారిగా మానేస్తే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) పెరుగుతుంది. అది సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లు, రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ గదుల మధ్య తలుపు) దారి బాగా ఇరుకైనవాళ్లు కొత్త గోలీలకు మారకూడదు, వాళ్లకు వార్ఫరిన్ లాంటి పాత మందులే.

మూతి వంకరపోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు మామూలుగా నాలుగున్నర గంటలు. ఎమర్జెన్సీలో మొదట చెప్పాల్సింది గోలీ పేరు, ఆఖరి మాత్ర వేసుకున్న టైము. ఆ ఇంజెక్షన్ ఇవ్వవచ్చా లేదా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.