బయానా ఇచ్చినంక పెరిగిన ధర

(నల్లగొండ, రామగిరి. యాదమ్మ పీట మీద జొన్నరొట్టెలు కొడుతున్నది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుంగ దస్తావేజులు రాసే షాపుల టైపు కొట్టుడు ఆమె పని. తమ్ముడు సైదులు ఉరుకులాడుకుంట లోపలికొచ్చిండు.)

సైదులు: అక్కా, కొంప మునిగింది!

యాదమ్మ: చెప్పులు బయట ఇడిసొచ్చి ముంచుకో. ఏమైంది?

సైదులు: పానగల్ రోడ్డు ఇల్లు ఉన్నది గద, ఆ ఇంటాయన ఇంకో 3 లక్షలు గావాలంటున్నడు. 48కి మాట్లాడుకున్నం, 5 లక్షలు బయానా చెక్కు ఇచ్చిన, బ్యాంకుల లోను పాసైంది, రిజిస్ట్రేషన్ స్లాటు గూడ బుక్ చేసిన. గిప్పుడు 51 అంటడు!

యాదమ్మ: గృహప్రవేశం తారీకు ఆయనకెట్ల ఎరుక?

సైదులు: మొదటి కార్డు ఆయనకే ఇచ్చిన. మర్యాద గదా.

యాదమ్మ: శ్రావణంల ముహూర్తం, కార్డులు అచ్చేసినం, ఉన్న కిరాయిల్లు ఖాళీ చేస్తున్నం అని అన్నీ నువ్వే చెప్పినవ్. పాపం 3 అడిగిండు. నేనైతే 5 అడుగుదు.

సైదులు: నువ్వు ఎవల దిక్కు మాట్లాడుతున్నవ్?

యాదమ్మ: నా ముందట రోజుకు నలుగురు గిట్లనే వచ్చి ఏడుస్తరు. దేనికి 3 లక్షలన్నడు? లెక్క చెప్పు.

సైదులు: ధరలు పెరిగినయట, ఇంకో పార్టీ ఎక్కువిస్తనన్నడట, దానికి లక్ష. బోరు మోటరు, ఇన్వర్టరు, ఫ్యాన్లు, గీజరు వేరేనట, వాటికి 50 వేలు. ఇగ ఆయన చెల్లె సంతకం పెట్టాలంటే లక్షన్నర అడుగుతున్నదట. ఎంత ఆశ చూడు! పెండ్లయి 20 ఏండ్లాయె, పుట్టింటి మీద పడ్డది.

యాదమ్మ: (రొట్టె మీద ఒక్కటి గట్టిగ చరిచి) చెల్లె సంగతి తర్వాత. అగ్రిమెంటు తెచ్చినవా?

సైదులు: (సంచిలకెళ్లి తీసి) 100 రూపాయల బాండు మీద బ్రోకరే రాయించిండు.

యాదమ్మ: నా షాపు ముంగటి నుంచే పోయి వేరేకాడ రాయించినవ్.

సైదులు: నువ్వైతే పది ప్రశ్నలు అడుగుతవని...

యాదమ్మ: ఆ పది ప్రశ్నలే ఇప్పుడు 3 లక్షలైనయి. చేతికి పిండి ఉన్నది, నువ్వే చదువు. ధర?

సైదులు: 48 లక్షలు. "ఇదే తుది ధర" అని ఉన్నది.

యాదమ్మ: గడువు?

సైదులు: 90 రోజులు. ఇంక పన్నెండు రోజులున్నయి.

యాదమ్మ: మాట తప్పితే?

సైదులు: నేను తప్పితే బయానా పోతది. ఆయన తప్పితే రెట్టింపు ఇయ్యాలె.

యాదమ్మ: బ్రోకరు ఈ ఒక్కటన్న మంచిగ రాసిండు. అంటే ఆయన ఎనకకు పోతే నీకు 10 లక్షలు బాకీ. ఇంకో పార్టీ లక్ష ఎక్కువిస్తే ఆయనకు 4 లక్షలు నష్టం. ఆ పార్టీ బయానా కాగితం చూపియ్యమను. ఇంతవరకు ఒక్కరు చూపియ్యంగ నేను చూడలె.

సైదులు: పోనీ అక్కా, 3 లక్షలు పారేసి లొల్లి వదిలించుకుంట. ముహూర్తం దాటితే మళ్ల...

యాదమ్మ: 3 లక్షలు కావురా. దస్తావేజుల 51 రాస్తే ఆ 3 లక్షల మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, 22,500. మొత్తం 3,22,500. బ్యాంకు ఇస్తదా?

సైదులు: వాల్యుయర్ 48కే లెక్క కట్టిండు. అండ్ల 80 శాతం, 38 లక్షల 40 వేలకే సాంక్షన్.

యాదమ్మ: ధర మారిస్తే అగ్రిమెంటు మళ్ల రాయాలె, ఫైలు మళ్ల తిరగాలె, పైకం మాత్రం నీ జేబుల నుంచే. ఇప్పటికే నీ చేతి నుంచి ఎంత పడాలె?

సైదులు: బయానా పోను 4 లక్షల 60 వేలు, రిజిస్ట్రేషన్‌కు 3 లక్షల 60 వేలు. మొత్తం 8 లక్షల 20 వేలు. చిట్యాలల నాయిన జాగ అమ్ముతున్నం గదా, సోమవారం రిజిస్ట్రేషన్ కాంగనే అవి వస్తయి.

యాదమ్మ: ఆఁ. సోమవారం.

సైదులు: ఇంకో మాట అక్కా. కాగితంల 48ఏ ఉండనీ, 3 లక్షలు నగదు చేతిల పెట్టుమంటున్నడు. గట్లయితే రిజిస్ట్రేషన్ ఖర్చు గూడ పెరగదు గదా!

యాదమ్మ: తెలివి మీరినవ్. ఇల్లు అమ్మినోడు 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవద్దు. తీసుకుంటే ఎంత తీసుకుండో అంత జరిమానా, అది ఆయన మీదనే పడ్తది. నీకేమో రసీదు ఉండది. రేపు రిజిస్ట్రేషన్ కాకపోతే 3 లక్షలు ఇచ్చినట్టు ఏం చూపిస్తవ్, గృహప్రవేశం కార్డా?

సైదులు: మరి కాగితంలనే 51 రాయిస్తనంటే?

యాదమ్మ: గప్పుడు ఆయనకే కష్టం. 50 లక్షలు ముట్టిన బేరానికి మొత్తం ధర మీద 1 శాతం టీడీఎస్, అంటే ఆయన పేరు మీద ఆదాయపు పన్ను, నువ్వు పట్టుకొని సర్కారుకు కట్టాలె. 51 వేలు. 48కి ఆ గోలే లేదు. ఈ మాట నవ్వుకుంట చెప్పు, ముఖం ఎట్ల మారుతదో చూడు.

(పెనం మీద రొట్టె పొంగుతది. యాదమ్మ తడిగుడ్డతో అంచులు ఒత్తి తిప్పేస్తది.)

సైదులు: మరి మోటరు, ఫ్యాన్లు?

యాదమ్మ: 1882ల చేసిన ఆస్తి బదిలీ చట్టం, 8వ సెక్షన్. వేరే తీరుగ రాసుకోకపోతే ఇంటితోటే తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటికి శాశ్వతంగ పెట్టినయన్నీ వస్తయని ఉన్నది. బోరుల దించిన మోటరు పైకి గుంజి అమ్ముకుంటడా? దానికి పైస ఇయ్యకు. ఇన్వర్టరు, గీజరు మాత్రం లొల్లే, ఇప్పి సంకల పెట్టుకొని పోవచ్చు. అందుకే ఏమేం ఇడిసిపోతరో అగ్రిమెంటుల జాబితా రాయాలె, మీ బ్రోకరు రాయలె. పాత ఇన్వర్టరుకు 10, 12 వేలు ధర కట్టి కొనుక్కో, రసీదు తీసుకో. ఆయన మాట గూడ ఒకటి నెగ్గినట్టుంటది.

సైదులు: ఇగ ఆ ఆశబోతు చెల్లె...

యాదమ్మ: నోరు మంచిగ పెట్టు. ఇల్లు ఎవలి పేరు మీద ఉన్నది?

సైదులు: వాళ్ల నాయిన పేరు మీద. ఆయన సొంతంగ కట్టిండు, పోయిండు. వీలునామా లేదు. బ్యాంకు లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగితే గప్పుడు చెల్లె బయటపడ్డది.

యాదమ్మ: తల్లి, కొడుకు, బిడ్డ ముగ్గురికి సమానం. 1956 సంది చట్టం అదే. 48ల మూడో వంతెంత?

సైదులు: 16 లక్షలు.

యాదమ్మ: 16 లక్షల హక్కున్నామె లక్షన్నరకే సంతకం పెడ్తనంటే నీకు ఆశబోతు లెక్క కనిపించిందా? అగ్రిమెంటు మీద ఎవలెవలు సంతకం పెట్టిన్రు?

సైదులు: ఆయన, తల్లి.

యాదమ్మ: గిదీ అసలు బొక్క. మోటరు కాదు, ఫ్యాన్లు కాదు. గడువు తారీకు నుంచి 3 ఏండ్లలోపల కోర్టుకు పోయి రిజిస్ట్రేషన్ చేయించుమనొచ్చు, పైసలు తయారుగ ఉన్నయని చూపిస్తే. కానీ సంతకం పెట్టని చెల్లె వాటా మీద ఆ కాగితానికి బలం లేదు. ఆమె లేకుండ రిజిస్ట్రేషన్ చేసుకుంటే నువ్వు కొన్నది రెండు వంతుల ఇల్లు.

సైదులు: మరి లక్షన్నర ఇచ్చెయ్యాలె అంటవ్?

యాదమ్మ: నువ్వెందుకిస్తవ్? "సకల వారసులతో సంతకాలు చేయించు బాధ్యత అమ్మకందారుదే" అని ఉన్నదా?

సైదులు: (వేలు పెట్టి వెతికి) ఉన్నది! ఆరో లైనుల.

యాదమ్మ: అయితే ఆ 48లకెళ్లే ఆమెకిస్తరు. బ్యాంకుకు పోయి డీడీలు వేరువేరుగ తియ్యమని రాసియ్యి. చెల్లె పేరు మీద ఒకటి, ఆయన పేరు మీద ఒకటి. ఎవలికెంతన్నది వాళ్లు వాళ్లు కూసొని తేల్చుకోని. రిజిస్ట్రేషన్ నాడు ముగ్గురు ఆధార్, పాన్ పట్టుకొని రావాలె, వేలిముద్రలు పెట్టాలె, సంతకం పెట్టినంకనే డీడీ చేతికి. ఫోన్ చెయ్యి. ముహూర్తం ముచ్చట తియ్యకు.

సైదులు: (ఫోన్ల) అన్నా, నమస్తే... ఆఁ, 48కే అన్నా... కాగితంల 51 రాస్తే 51 వేలు టీడీఎస్ పట్టాల్సొస్తది... లేదన్నా, నగదు నా దగ్గర లేదు... చెల్లెకు వేరే డీడీ తీపిస్త, మీరే చెప్పున్రి ఎంతకో... గృహప్రవేశమా? (అక్క దిక్కు చూసి) అది... జరుగుతదో లేదో అన్నా, కిరాయిల్లు ఇంకా ఇడువలె... సరే, ఆలోచించున్రి.

యాదమ్మ: ఏమన్నడు?

సైదులు: టీడీఎస్ అనంగనే దగ్గు వచ్చింది. చెల్లెతోని మాట్లాడి పొద్దుగాల చెప్తనన్నడు. ఇన్వర్టరుకు 15 అన్నడు.

యాదమ్మ: 12కు తెగుతది. ఆయన ఒప్పుకున్నది వాట్సాప్‌ల రాయించుకో. గడువు లోపల జవాబు రాకపోతే వకీలుతోని స్పీడ్ పోస్టుల నోటీసు. లోను సాంక్షన్ లెటరు, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు జతచెయ్యి.

సైదులు: అక్కా, నువ్వు లేకపోతే 3 లక్షలు మునుగుదు!

యాదమ్మ: రొట్టె తిను. అవునురా, చిట్యాల జాగ ఎవలి పేరు మీద ఉన్నది?

సైదులు: నాయిన పేరు... మీద.

యాదమ్మ: వీలునామా?

సైదులు: (రొట్టె ముక్క చేతిలనే ఆగింది) రాయలె.

యాదమ్మ: అమ్మ, నువ్వు, నేను.

సైదులు: అక్కా... సోమవారం సంతకానికి నీకెంత గావాలె?

యాదమ్మ: సోమవారం చెప్త.