రెండోవాడు లేకపోతే రికార్డు ధర లేదు

పాత వస్తువుల వేలం గురించి వచ్చే వార్తలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అటక మీద ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకున్న కుండీ వేలానికి వెళ్ళింది, కోట్లు పలికింది, ఇంటివాళ్ళ దశ తిరిగింది. అది చదివాక ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరిచి చూడనివాళ్ళు తక్కువ. నేనూ తెరిచాను, రెండు బొద్దింకలు తప్ప ఏమీ దొరకలేదు.

ఈ వార్తల్లో ఎప్పుడూ కనపడని మనిషి ఒకడున్నాడు, పాటలో ఓడిపోయినవాడు. నన్నడిగితే ధర నిర్ణయించేది వాడే. కొన్నవాడు లక్షకైనా సిద్ధపడి వచ్చి ఉండొచ్చు, కానీ ఎదుటివాడు పదివేల దగ్గర చెయ్యి దించేస్తే పదివేల మీద ఒక్క మెట్టు ఎక్కగానే అమ్మకం ఖాయమని సుత్తి పడిపోతుంది. అంటే మర్నాడు పేపర్లో వచ్చే అంకె ఆ వస్తువు విలువ ఎంతో చెప్పదు, ఓడినవాడి పట్టుదల ఎక్కడిదాకా సాగిందో చెబుతుంది. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే వేలాల మీద ఈ లెక్క తేల్చాడు. మనం మాత్రం ఇప్పటికీ గెలిచినవాడి ఫొటోనే చూస్తున్నాం.

2022 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో ఒక చైనా కుండీ వేలానికి వచ్చింది. వేలం సంస్థ నిపుణుడు వేసిన అంచనా మహా అయితే 2 వేల యూరోలు. సుత్తి పడింది 77 లక్షల యూరోల దగ్గర! నిపుణుడేమో అది 20వ శతాబ్దపు నకలేనని చివరిదాకా మాట మీదే నిలబడ్డాడు, కొనడానికి ఎగబడ్డవాళ్ళేమో 18వ శతాబ్దానిదని నమ్మారు. ఇంతమంది పొరబడతారా అన్న సంస్థ ఆ నిపుణుడికే ఉద్వాసన చెప్పింది. ఇందులో నాకు నచ్చనిది ఇదే. ధర ఎక్కువ పలికితే అసలు అయిపోతుందా? గట్టిగా నమ్మినవాళ్ళు కనీసం ఇద్దరున్నారని తప్ప ఆ ధర ఇంకేం చెప్పగలదు?

పైగా పలికిన ధరంతా చేతికొస్తుందనీ లేదు. 2010లో లండన్ శివారులోని రైస్లిప్‌లో మరో చైనా కుండీ 4 కోట్ల 30 లక్షల పౌండ్లకు పాట పాడించుకుని ప్రపంచమంతా వార్తైంది. కొన్నాయన డబ్బు కట్టలేదు. ఏళ్ళ తర్వాత అది చడీచప్పుడు లేకుండా చాలా తక్కువకు చేతులు మారింది. పింక్ స్టార్ అనే 59.60 క్యారెట్ల గులాబీ వజ్రం కథా అంతే. 2013లో జెనీవాలో 8 కోట్ల 30 లక్షల డాలర్లన్నారు, పాడినవాడు చేతులెత్తేశాడు, చివరికి 2017లో హాంకాంగ్‌లో 7 కోట్ల 12 లక్షలకు అమ్ముడైంది.

ఒక్కోసారి ఆ రెండోవాడు మనిషే కాదు. అమ్మేవాళ్ళు ఇంతకన్నా తక్కువకు ఇవ్వమని ముందే రహస్యంగా పెట్టుకునే రిజర్వు ధర ఒకటుంటుంది. అక్కడిదాకా వేలం నడిపే ఆయన లేని పాటల్ని తానే పాడుకుంటూ పోవచ్చు, చాలాచోట్ల నిబంధనలే ఒప్పుకుంటాయి. గాల్లో ఎటో చూసి, పైన వేలాడే షాండ్లియరే చెయ్యెత్తినట్టు అంకె పెంచుతాడు కాబట్టి ఆ రంగంలో వీటిని షాండ్లియర్ పాటలంటారు. మీరు పోటీ పడుతున్నది దీపాల గుత్తితో అన్నమాట.

ఇక వేలం సంస్థ తీసుకునే కమిషన్. కొన్నవాడి దగ్గర కూడా వసూలు చేసే బయ్యర్స్ ప్రీమియం పద్ధతిని క్రిస్టీస్, సోథబీస్ అనే వేలం సంస్థలు లండన్‌లో 1975లో 10 శాతంతో మొదలుపెట్టాయి, ఇప్పుడు 25 శాతం అంటే ఎవరూ ఉలిక్కిపడరు. 2017లో లియోనార్డో డావిన్సీదని చెప్పే సాల్వేటర్ మండీ చిత్రానికి సుత్తి పడింది 40 కోట్ల డాలర్ల దగ్గర, కట్టింది 45 కోట్ల 3 లక్షలు. చిన్న లెక్క వేసుకోండి. వెయ్యికి పాట గెలిచారు, 25 శాతం కలిపి 1,250 కట్టారు. రేపు అదే వస్తువు అమ్మితే మీ నుంచి 15 శాతం కోసుకుంటారనుకుందాం. పెట్టిన 1,250 వెనక్కి రావాలంటే అది 1,470 దాకా పలకాలి, అంటే దాదాపు 47 శాతం పెరిగితే గానీ లాభం మాట అటుంచి అసలు కూడా రాదు. పాత వస్తువులు పెట్టుబడి అని చెప్పేవాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు.

నగల దగ్గరికొస్తే, చచ్చినవాడి కళ్ళు చారెడు అన్న సామెత ఈ వ్యాపారం కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ ముత్యాల పతకానికి 2018లో 10 నుంచి 20 లక్షల డాలర్లని అంచనా వేస్తే 3 కోట్ల 60 లక్షలు పలికింది. ముత్యం మంచిదే, కాదనను. కానీ ఆ తేడా అంతా తల తెగిన రాణిది. అందుకే ఎవరిదో గొప్పవాళ్ళదని చెప్పి అమ్మేటప్పుడు కాగితం అడగాలి. బిల్లో, వీలునామానో, పాత ఫొటోనో ఉండాలి, ఇంట్లోవాళ్ళు అలా చెప్పుకునేవారంటే కుదరదు.

పాత ఫర్నిచర్‌ది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ముదురు రంగు మహాగని బీరువాలు, పెద్ద పెద్ద భోజనాల బల్లలు ఇరవై ఏళ్ళ కిందటి ధరలో సగం కూడా పలకడం లేదు, పనితనం తగ్గి కాదు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టక! నిజంగా వాడుకోవడానికి కొనేవాళ్ళకు ఇంతకన్నా మంచి రోజులుండవు. సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేసి చూడండి. అడుగు చెక్క మీద రంపం గీతలు తిన్నగా ఉంటే చేత్తో కోసినవి కావచ్చు, విల్లులా వంగి ఉంటే యంత్రపు గుండ్రటి రంపం తిరిగిందన్నమాట, 18వ శతాబ్దం అనే మాట అక్కడే పోయింది. స్క్రూ బయటికి తీయనిస్తే మొన చూడండి, 19వ శతాబ్దం సగం దాకా మొన మొద్దుగానే ఉండేది. గుండ్రటి బల్లను అటూ ఇటూ టేపు పెట్టి కొలవండి. చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది కాబట్టి నిజంగా రెండొందల ఏళ్ళ బల్లయితే రెండు కొలతలూ ఒకటి కాకూడదు. ఇవన్నీ తెలిసి నకలు చేసేవాళ్ళూ ఉన్నారు. సాక్షాత్తూ ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదమే నకిలీ కుర్చీలు కొని మోసపోయిన సంగతి 2016లో బయటపడింది.

గడియారాల్లో ఇంకో తంటా, తల ఒకరిదీ మొండెం ఇంకొకరిదీ. పాత నిలువు గడియారాల్లో యంత్రం ఒక చోటిది, చెక్కపెట్టె మరో చోటిది కలిపేయడం మామూలే, వ్యాపారంలో దాన్ని ముద్దుగా పెళ్ళి అంటారు. యంత్రం కూర్చున్న పలక మీద పనిలేని బెజ్జాలు కనపడితే ఆ పెళ్ళి జరిగినట్టే.

ఇదంతా నాకు ముందు నుంచీ తెలుసనుకోకండి. కొన్నేళ్ళ కిందట ఒక ఆన్‌లైన్ వేలంలో గోడ గడియారం కోసం పాడాను. ఎవరో ఒక్కడే, పేరు లేదు, నంబరు మాత్రమే, నేను పెంచిన ప్రతిసారీ మూడు సెకన్లలో నా మీద పాడుతున్నాడు. చేతులు చెమటలు పట్టాయి, టెన్షన్‌లో అనుకున్నదానికి రెండింతలు పెట్టి గెలిచాను. ఇంటికొచ్చాక చూస్తే డయల్ కొత్తగా రంగు వేసింది, అంకెలు దగ్గరగా చూస్తే స్టిక్కరంత నున్నగా ఉన్నాయి. అడిగితే వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్టు ఉచితంగానే పంపేవాళ్ళు, నేనే అడగలేదు. ఏడాది తర్వాత అక్కడే అమ్మకానికి పెట్టాను. ఈసారి ఒక్క నంబరే కదిలింది, ఒక్కసారే. రిజర్వు ధర అందక గడియారం వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు మా హాల్లో ఉంది, రోజుకు ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది.