నాలుగు వేళ్ల అంచు

నిన్న సైకిల్ తొక్కుకుంటూ హార్స్‌లీ హిల్స్ ఎక్కి, అక్కడ తీసి పెట్టిన ఫోటోకు వచ్చిన కామెంట్లన్నీ ఒకటే పాట. "ఆ ఘాట్ ఎట్లా ఎక్కావన్నా?", "ఈ వయసులో సూపర్ సార్". సంతోషం. కానీ నిన్న నన్ను కష్టపెట్టింది ఘాట్ కాదు, కింద తారు రోడ్డు అంచు. ఆ సంగతి ఒక్కరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది.

తెల్లారి ఐదింటికి మదనపల్లెలో బయల్దేరా, ఒక్కడినే. వాయల్పాడు, గుర్రంకొండ, అక్కడి నుంచి కురబలకోట వైపు వచ్చి, కాండ్లమడుగు క్రాస్ దగ్గర ఘాట్ ఎక్కి, తిరిగి ఇంటికి. నూరు కిలోమీటర్ల పైమాటే. జనవరి చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. సీజన్ కాదు కాబట్టి మదనపల్లె మార్కెట్ యార్డుకు పోయే టమాటా బండ్లు తక్కువే. 2023 జులైలో ఇదే యార్డులో కిలో రెండొందలకు దగ్గరగా పలికింది. ధర పడిపోయినప్పుడు అవే టమాటాలు రోడ్డు పక్కన పారబోసి ఉంటాయి. వాటి మీదికి సైకిల్ ఎక్కితే ఎట్లా జారుతుందో తొక్కినవాడికే తెలుసు.

వాయల్పాడు ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉందనగా (బోర్డు మీద వాల్మీకిపురం అనే ఉంటుంది, మా నోటికి మాత్రం ఇంకా వాయల్పాడే) వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది. ఎదురుగా ట్రాక్టర్. ముగ్గురికి ఆ రోడ్డు చాలదు. చాలనప్పుడు దిగాల్సింది ఎవరో చెప్పక్కర్లేదు కదా. దిగాను. ముందు చక్రం మట్టిలో పడింది, వెనక చక్రం ఇంకా తారు మీదే ఉంది. మళ్లీ పైకి ఎక్కిద్దామని హ్యాండిల్ తిప్పా. టైరు ఆ తారు అంచును రాసుకుంటూ పోయిందే కానీ ఎక్కలేదు. మోచేయి, మోకాలు రెండూ కొట్టుకుపోయాయి. బస్సు ఆగలేదు.

లేచి కూర్చుని, నీళ్లు తాగి, ఆ అంచు పక్కన చెయ్యి పెట్టి చూశా. నాలుగు వేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పెడితే సరిగ్గా సరిపోయింది. మూడంగుళాలు. నా టైరు వెడల్పు 32 మిల్లీమీటర్లు, అంటే దానికి రెండింతల పైనే ఎత్తు. దగ్గరగా చూస్తే ఆ అంచులో పొరలు కనిపిస్తాయి. అడుగున తెల్లబారిపోయిన పాత తారు, దాని మీద ఇంకో పొర, అన్నిటికన్నా పైన నిగనిగలాడే కొత్త తారు. పాతది గీకకుండా ఎప్పటికప్పుడు దాని మీదే ఇంకోటి వేస్తూ పోతారు. రోడ్డు పైకి లేస్తుంది. పక్కన మట్టి ఉన్నచోటే ఉంటుంది, వానలకు ఇంకా కోసుకుపోతుంది. తారు వేసినాక మార్జిన్లలో గ్రావెల్ తోలి, రోలర్ తిప్పి, తారుకు సమంగా చదును చేస్తేనే ఆ పని పూర్తయినట్టు. ఆ చివరి పనే ఎప్పుడూ మిగిలిపోతుంది, ఎందుకంటే కారులో పోయే ఆఫీసరుకు అది కనపడదు.

ఇంతలో ఒక టమాటా ఆటో ఆగింది. "ఏం సామీ, దెబ్బ తగిలిందా? ఎక్కు, వాయల్పాడులో దింపుతా." వద్దన్నా. "ఈడ తారేసినాక పడినోళ్లలో నువ్వు మూడోవాడివి" అని పసుపు పొట్లం ఒకటి చేతిలో పెట్టి పోయాడు. ఆటోలో పసుపు ఎందుకు పెట్టుకున్నాడో అడగడం మరిచిపోయా.

గుర్రంకొండ చేరేసరికి ఎండ పడింది. కోట కొండ ఎదురుగా కూర్చుని సంగటి, ఊరిబిండి తిన్నా. నిన్నటి రోజులో మంచి గంట అదొక్కటే. అక్కడి నుంచి కురబలకోట రోడ్డులో సగం దూరం ఉలవ కట్టె పరిచి ఉంది. బండ్లు తొక్కితే గింజలు రాలతాయని. చైన్‌లో చుట్టుకున్న తీగలు పీకుతుంటే ఒక ముసలవ్వ నవ్వింది. "నీ సైకిలు బరువుకు ఏం రాల్తాయి నాయనా, పక్కనుంచి పో, లారీలు రానీ." పక్కనుంచి పోదామంటే మళ్లీ ఆ అంచే! ఆమె మీద కోపం రాలేదు. కళ్లం చేసుకునే జాగా లేని మనిషి రోడ్డెక్కింది, రోడ్డు మీద జాగా లేని నేను మట్టిలోకి దిగుతున్నా.

నాకేం, హెల్మెట్ ఉంది, గ్లోవ్స్ ఉన్నాయి, సెలవు రోజు సరదాకు తొక్కుతున్నా. మరి క్యారియర్‌కు రెండు పాల క్యాన్లు కట్టుకుని పొద్దున్నే కేంద్రానికి పోయే మనిషి? తాపీ పట్టుకుని పక్క ఊరికి పోయే మేస్త్రీ? బడికి పోయే పిల్లలు? ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు "బడికొస్తా" అని పేరు పెట్టి సైకిళ్లు కూడా పంచారు. మంచి పనే. పంచిన సైకిల్ తొక్కడానికి తెల్ల గీతకు అవతల రెండడుగుల చదును నేల కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. సిటీల్లో సైకిల్ ట్రాక్ అని రంగు వేసి రిబ్బన్ కత్తిరిస్తారు, రెండో వారం దాని మీద కార్లు పార్క్ చేస్తారు. ఆ రంగు డబ్బుల్లో కొంత పెట్టి ఇక్కడ గ్రావెల్ తోలినా సగం మోకాళ్లు మిగిలేవి.

ఇక మీరందరూ అడిగిన ఘాట్. క్రాస్ నుంచి పైకి తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, పైన ఎత్తు సుమారు 4,000 అడుగులు. అన్నిటికన్నా చిన్న గేరులో వేసి కాళ్లు తిప్పుతూ పోవడమే. రెండు చోట్ల దిగి తోశా కూడా, దాచేదేం లేదు. ఊపిరి ఎగపోస్తుంది కానీ భయం ఉండదు. వంపుల దగ్గర ఎంతటివాడైనా స్లో చేస్తాడు, అందరూ హారన్ కొట్టి చూసుకుని పోతారు. నీలగిరి చెట్ల వాసన తగిలిందంటే పైకి చేరినట్టే. కడప కలెక్టర్ హార్స్‌లీ 1870 ప్రాంతంలో ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరు వచ్చింది కానీ, అంతకుముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మా అవ్వ చివరిదాకా మల్లమ్మ కొండ అనే అనింది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. అంగళ్లు అనే ఊరి దగ్గర హైవేకు గీత బయట తారు ఉంది, కాదనను. అందులో ఆపిన లారీలు, రాంగ్ రూట్లో హైబీమ్ వేసుకుని వచ్చే బైకులు కూడా ఉన్నాయి.

ఇంటికొచ్చి రెండు ఫోటోలు పెట్టా. వ్యూ పాయింట్ ఫోటోకు రెండొందల పైన లైకులు. నాలుగు వేళ్లు పెట్టి తీసిన తారు అంచు ఫోటోకు మూడు. అందులో ఒకటి నా భార్యది. మా తమ్ముడేమో "ఇదేం ఫోటో అన్నా, పొరపాటున వచ్చిందా?" అని అడిగాడు.