మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి

ఆ ఆఫీసుకీ నాకూ తెగతెంపులైపోయాయి. రిలీవింగ్ లెటర్ ఉంది. డబ్బు కట్టి కొనుక్కున్నట్టు ఈ లాప్‌టాప్‌కి రసీదుంది. దీన్ని డొమైన్‌లోంచి (ఆఫీసు మెషీన్లన్నిటినీ ఒక్కచోటి నుంచి ఏలే ఏర్పాటు) తప్పించి వర్క్‌గ్రూప్‌లో (ఎవరి మెషీన్‌కి వాళ్లే యజమాని) వేసింది కూడా నేనే. అయినా పొద్దున్నే తెర వెలగగానే నోటీసు: "ఈ కంప్యూటర్ సంస్థ ఆస్తి. మీ ప్రతి చర్యా నమోదవుతుంది." కింద ఓకే బటన్ ఒక్కటే. కాదనడానికి బటన్ లేదు.

పళ్లు కూడా తోముకోకుండా, నేను లేని సంస్థకి రోజూ విధేయత ప్రకటిస్తున్నాను. ఒకరోజు మా అమ్మాయి అది చదివి, "నాన్నా, ఎవరు చూస్తున్నారు?" అంది. ఎవరూ చూడట్లేదమ్మా, అదే కదా అవమానం!

వాల్‌పేపర్ మారుద్దామంటే బటన్లన్నీ బూడిదరంగు. పైన ఎర్రక్షరాలు: "కొన్ని సెట్టింగ్‌లను మీ సంస్థ నిర్వహిస్తోంది." ఇంకో చోట నొక్కితే అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించమంది. ఈ మెషీన్‌కి అడ్మినిస్ట్రేటర్‌ని నేనే. సరే, సంప్రదించాను. అద్దంలో దొరికాడు. గడ్డం పెరిగింది, మొహం వాడిపోయింది. తన చేతిలో ఏమీ లేదన్నాడు.

డొమైన్‌లో ఉన్నన్నాళ్లూ మామూలుగా 90 నిమిషాలకోసారి, దానిపైన 30 నిమిషాల దాకా ఆలస్యంగా, గ్రూప్ పాలసీ (ఆఫీసు నియమాల్ని మెషీన్లకి పంపే విండోస్ ఏర్పాటు) వచ్చి చూసిపోయేది. నియమం ఎత్తేస్తే ఊడ్చేసేది కూడా ఆ రాకపోకల్లోనే. డొమైన్ వదిలాక ఆ వచ్చేవాడు రాడు, చెత్త మాత్రం చాలాసార్లు ఉండిపోతుంది. లాగిన్ నోటీసు, పాస్‌వర్డ్ నిడివి లాంటి సెక్యూరిటీ సెట్టింగులైతే మరీను, అంటుకుంటే వాటంతటవే పోవు. నిపుణులు వీటికి పెట్టుకున్న పేరే పచ్చబొట్టు.

ఇక సలహాలు! విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32లోని గ్రూప్‌పాలసీ ఫోల్డర్ తీసేస్తే చాలంటారు. అందులో ముఖ్యంగా ఉండేది లోకల్ పాలసీ, అంటే ఈ ఒక్క మెషీన్‌కే పెట్టుకున్న నియమాలు; అది తీసినంత మాత్రాన పాత ఆఫీసువాళ్ల రాతలు పోవు. వాటిని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే పద్దు), సాఫ్ట్‌వేర్ కింది పాలసీస్‌లోనూ, కరెంట్‌వెర్షన్ కింది పాలసీస్‌లోనూ వెతకాలి, అదీ మెషీన్‌కీ యూజర్‌కీ విడివిడిగా. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి నకలు దాచుకోవాలి, తర్వాత చూసి చూసి పీకాలి. పాస్‌వర్డ్ నియమాలు అక్కడ కూడా దొరకవు. వాటిని మొదటి స్థితికి తేవాలంటే సెక్ఎడిట్ అనే కమాండుకి విండోస్‌తోనే వచ్చే డిఫాల్ట్ టెంప్లేట్ (మొదటి సెట్టింగుల ఫైలు) ఇవ్వాలి. (మెషీన్ ఇంకా ఆఫీసుదే అయితే వీటి జోలికెళ్లకండి, ఉద్యోగం పోతుంది.)

మరో మేధావి "విండోస్ మళ్లీ వేసుకో" అన్నాడు. తలుపుకి బోర్డు ఊడట్లేదంటే ఇల్లు పడగొట్టమన్నట్టుంది! నియమాలు రుద్దడానికి వేల మెషీన్లకి ఒక్క క్లిక్కు చాలు. విప్పుకోవడానికి మాత్రం మనిషి రాత్రంతా కూర్చుని రిజిస్ట్రీ కొమ్మలు లెక్కపెట్టాలా? మెషీన్ డొమైన్ వదులుతున్నప్పుడే "వీళ్ల నియమాలు కూడా తీసేయనా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎవడి సొమ్ము పోయింది? కొన్నవాడిది వస్తువే కానీ హక్కు కాదని ఎవరు నిర్ణయించారు? సిగ్గుండాలి!

అర్ధరాత్రి దాటాక రిజిస్ట్రీలో ఆ నోటీసు దొరికింది. చెరపలేదు. రెండుసార్లు నొక్కి, పాతది కొట్టేసి, "ఈ కంప్యూటర్ నాది" అని రాసి రీస్టార్ట్ చేశాను. తెరమీద నా మాటే వచ్చింది. కింద ఓకే. కాదనడానికి ఇప్పటికీ బటన్ లేదు.