మేనత్త సంగతి కూడా అడగండి డాక్టరుగారూ

తెనాలి నుంచో పిడుగురాళ్ల నుంచో పొద్దున్నే బస్సెక్కి, గుంటూరు కొత్తపేటలోనో బెజవాడ సూర్యారావుపేటలోనో దిగి, టోకెన్ పట్టుకుని మూడు గంటలు కూర్చున్న మనిషికి డాక్టరుగారి ముందు దొరికేది ఐదు నిమిషాలు. రొమ్ములో గడ్డ అంటే చూస్తారు, స్కానింగు రాస్తారు, బయాప్సీ రాస్తారు. మీ అమ్మకు ఇలాంటిదేమైనా ఉందా అని అడిగితే అడుగుతారు. మేనత్త సంగతి అడిగేవాళ్లు తక్కువ.

అడగాలి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెరుగుతుంది. ఆ లోపం తల్లి వైపు నుంచే రావాలని లేదు, తండ్రి వైపు నుంచీ వస్తుంది, ఎవరికి ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. నాన్నకు ఏ జబ్బూ లేకుండానే నాయనమ్మ లోపం మనవరాలి దాకా రావచ్చు. ఆ నాయనమ్మ గురించేమో ఇంట్లో 'కడుపులో గడ్డ లేచి పోయింది' అంటారు తప్ప అండాశయ క్యాన్సర్ అని ఎవరూ అనరు. గుచ్చి గుచ్చి అడిగితేనే బయటికొస్తుంది.

నిజమే, రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో దిగేవి 5 నుంచి 10 శాతమే. కానీ బీఆర్‌సీఏ1 లోపం ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లలోపు 100కి 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చని, ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాలను చూసి చేసిన 2017 అధ్యయనం తేల్చింది. అంత ముప్పు ఉన్న మనిషిని గుర్తుపట్టే దారి ఒక రక్తపరీక్ష అయినప్పుడు దాని ఊసే ఎత్తకపోవడం ఏమిటి?

డాక్టర్ల కారణాలు డాక్టర్లకున్నాయి. తెలిసి ఏం చేస్తారండీ, ఉత్త టెన్షన్, అంటారు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది, ఈ కాగితం అవతలివాళ్ల చేతిలో పడితే సంబంధం తప్పిపోతుంది, అంటారు. ఈ రెండోది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు, మన ఊళ్లలో సంబంధాలు ఎలా తప్పిపోతాయో మాకూ తెలుసు. అయినా ఆ లెక్క వేసుకోవాల్సింది ఆ తల్లీ ఆ పిల్లా. డాక్టరుగారు వాళ్ల తరఫున మనసులోనే లెక్కవేసి నోరు మూసుకుంటే, మంచి మనసుతోనే కావచ్చు, ఒక కుటుంబానికి తలుపు మూసినట్టే. ఏం చేస్తారంటే చేసేది చాలానే ఉంది: చిన్న వయసు నుంచే ఏటా ఎమ్మారై, పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ1 లోపమైతే 35-40 మధ్య, బీఆర్‌సీఏ2 అయితే ఇంకాస్త ఆలస్యంగా, అండాశయాలు తీయించుకోవడం, జబ్బు ఇప్పటికే వస్తే ఒలాపరిబ్ లాంటి మందులు.

ఇంకో కొసన హెల్త్ ప్యాకేజీలో జీన్ టెస్టు కలిపి అమ్మే వ్యాపారం ఉంది. వంశంలో ఏమీ లేని మనిషికి కూడా చేసేసి, 'అర్థం తేలని మార్పు', అంటే జన్యువులో తేడా ఉంది కానీ అది హాని చేస్తుందో లేదో తెలియదు, అని రిపోర్టు చేతిలో పెడితే ఆ మనిషికి ఆ రాత్రి నిద్ర ఉంటుందా? అలాంటి మార్పును చూసి ఆపరేషన్ చేయకూడదని నిపుణుల మాట. ఆ ఒక్క ముక్క విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్లే మన దగ్గర అరుదు. రెండు ఊళ్ల పెద్దాసుపత్రుల్లోనూ వారానికో పూట దీనికే ఓపీ ఉండాలి, మెడికల్ కాలేజీల్లో పీజీలకు ఈ మాటలు ఎలా మాట్లాడాలో నేర్పాలి.

అంతవరకూ డాక్టర్లను మేము అడిగేది చిన్నది. కేసు షీటులో అమ్మ పక్కన మేనత్త, పిన్ని, నాయనమ్మ, అమ్మమ్మ, ఎవరికి ఏ వయసులో ఏమొచ్చిందో నాలుగు గీతల్లో రాయండి. అనుమానం వస్తే ముందు జబ్బు పడ్డ మనిషికే పరీక్ష రాయండి, ఆమెలో లోపం దొరికితే అక్కచెల్లెళ్లకు ఆ ఒక్క లోపం కోసమే చూస్తే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. చేయించుకోనంటే ఆ మాటా షీటులో రాసుకోండి, మళ్లీ వచ్చినప్పుడు ఇంకోసారి అడగండి.